ఫైలు కదలకపోతే కాపురం కదలాలా?

పుట్టినది కరాచీ, మెట్టినది హైదరాబాదు. పాతబస్తీకి ఇలాంటి కోడళ్లు కొత్త కాదు. దేశ విభజన నాడూ, 1948 పోలీసు చర్య తర్వాతా చీలిపోయిన కుటుంబాలు నికాల ద్వారానే బంధుత్వాన్ని నిలుపుకుంటూ వచ్చాయి. అలా వచ్చిన స్త్రీ ఇక్కడ కాపురం చేయాలంటే దీర్ఘకాలిక వీసా, అందరి నోటా ‘ఎల్‌టీవీ’, తప్పనిసరి. భారతీయుణ్ని వివాహమాడి ఇక్కడే నివసిస్తున్న పాకిస్తానీ స్త్రీ దానికి అర్హురాలని కేంద్ర హోంశాఖ నిబంధనలే చెబుతున్నాయి. ఇందులో దొడ్డిదారి ఏమీ లేదు.

పహల్గాం ఘాతుకం అనంతరం 2025 ఏప్రిల్ 27 నుంచి పాకిస్తానీయుల వీసాలను ప్రభుత్వం రద్దు చేసింది. వైద్య వీసాలకు 29 వరకు గడువిచ్చి, ఎల్‌టీవీని మినహాయించింది. ఆ మినహాయింపు సబబైనదే. అయితే వీసా చేతిలో ఉన్నవారి సంగతి సరే, దరఖాస్తు సమర్పించి ఎదురుచూస్తున్నవారి గతి ఏమిటి? జమ్మూలో దాదాపు నాలుగు దశాబ్దాలుగా కాపురముంటున్న ఒక గృహిణి ఏటేటా వీసా పొడిగించుకుంటూ వచ్చారు. ఆ ఏడు కూడా జనవరిలో పొడిగింపు కోరారు. నిర్ణయం వెలువడక ముందే ఏప్రిల్ 29న ఆమెను అటారీ దాటించారు. భర్త, పిల్లలు ఇవతలే మిగిలారు. ఆమెను వెనక్కు రప్పించమని జూన్‌లో హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

‘పెండింగు’ అనే మాట ఎంత బరువైనదో ప్రభుత్వ కచేరీలో జీవితం గడిపిన ఈ సంపాదకునికి తెలుసు. దరఖాస్తుదారు బాధ్యత అర్జీ అందజేయడంతో, అడిగిన కాగితం చూపడంతో ముగుస్తుంది. నేడు అర్జీ ఆన్‌లైన్‌లోనే వెళ్లవచ్చుగాక, పోలీసు విచారణ, సిఫారసు, ఆమోదం మనుషుల బల్లల మీదుగానే సాగాలి. ఆ బల్ల మీద జరిగిన జాప్యానికి ఒక ఇల్లాలు మూల్యం చెల్లించడం ఏ న్యాయం?

మూల్యం ఆమెతోనే ఆగదు. పౌరసత్వ చట్టం ప్రకారం, చెల్లుబాటయ్యే పత్రాలతో వచ్చినా అనుమతించిన గడువు మించి ఉన్నవారు అక్రమ వలసదారులే. 2004 డిసెంబరు 3 నుంచి ఇక్కడ పుట్టిన బిడ్డకు జన్మతః పౌరసత్వం దక్కాలంటే తల్లిదండ్రులలో ఒకరు భారతీయులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అంటే తల్లి వీసా లేని ఆ కొద్ది నెలల్లో బిడ్డ పుడితే, తండ్రి భారతీయుడైనా, ఆ పసివాడి పౌరసత్వమే చిక్కులో పడుతుంది! భారతీయుని భార్యగా సెక్షన్ 5(1)(సి) కింద పౌరసత్వం కోరడానికి ఏడేళ్ల నివాసం కావాలి. అక్రమ వలసదారుకు ఆ దారీ మూసుకుపోతుంది.

మరో ముడి పాస్‌పోర్టు. ఎల్‌టీవీ కావాలంటే పాకిస్తానీ పాస్‌పోర్టుకు గడువుండాలి. దాన్ని పునరుద్ధరించే హైకమిషన్ ఉన్నది ఢిల్లీలో. 2025లో ఆ కార్యాలయ సిబ్బందిని 55 నుంచి 30కి కుదించారు. రెండు ప్రభుత్వాల వైరం నడుమ ఆమె కాగితం నలుగుతుంది.

దేశ భద్రతకు విచారణ అవసరమే, కాదనము. కాని విచారణకు ఒక కాలపరిమితి ఉండాలి. గడువులోగా అందిన దరఖాస్తుపై నిర్ణయం వెలువడేదాకా పాత వీసా అమలులో ఉన్నట్టే పరిగణించాలి. తిరస్కరిస్తే కారణం లిఖితపూర్వకంగా తెలపాలి. మన ఎంపీలు, ఎమ్మెల్యేలు హోంశాఖ ఎదుట ఈ మూడింటినీ పట్టుబట్టి అడగాలి.

ఈలోగా అలాంటి కోడలున్న ఇళ్లవారు గడువుకు చాలా ముందే దరఖాస్తు చేయండి. రసీదును ముద్రించి ఉంచుకోండి. పాత అనుమతి పత్రాలు ఒక్కటీ పారవేయక, నికానామాతోనూ పిల్లల జనన ధ్రువపత్రాలతోనూ కలిపి ఒకేచోట భద్రపరచండి.