సరదాకీ వాటా కావాలి

మంచు మీద దిగే చిన్న విమానాలకీ స్త్రీవాదానికీ ఏమిటి సంబంధం అని ఈమధ్య ఒక సదస్సులో నన్ను నవ్వుతూ అడిగారు. అడిగింది మగవాళ్ళు కాదు, మన వాళ్ళే. స్త్రీల యాత్రా రచనల గురించి మాట్లాడుతూ, అలాస్కాలో చలికాలం రాగానే చిన్న విమానానికి చక్రాల బదులు స్కీలు తొడిగి, గడ్డకట్టిన సరస్సు మీద దిగి, ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి తిరిగి ఇంటికెళ్ళే ఆడవాళ్ళున్నారనీ, వాళ్ళు ఆ పని కేవలం సరదా కోసం చేస్తారనీ, మన విమర్శలో ఆ సరదాకి ఎక్కడా చోటు లేదనీ అన్నాను. "పాలమూరు నుంచి వచ్చి మాట్లాడేది ఇదా? మీ దగ్గర బస్సులే సరిగ్గా లేవు కదా!" అన్నారొకరు. హాలంతా నవ్వింది.

బస్సుల మాట నిజమే. వనపర్తి నుంచి నది ఒడ్డు ఊళ్ళకి సాయంత్రం దాటాక వెళ్ళాలంటే ఏ ఆటోవాడి దయో ఉండాలి. కానీ ఆ నవ్వు వెనక ఒక సిద్ధాంతం ఉంది. దాంతోనే నా పేచీ. వెనకబడ్డ జిల్లా ఆడది కరువు గురించి మాట్లాడాలి, వలస గురించి మాట్లాడాలి, గుంపు మేస్త్రీ గురించి, బొంబాయి గురించి మాట్లాడాలి. సంతోషం గురించి మాట్లాడితే అది వర్గ ద్రోహం! పాలమూరు స్త్రీ నుంచి మన సాహిత్యం దుఃఖాన్ని మాత్రమే కొనుక్కుంటోంది. ఆమె దగ్గర ఇంకేదైనా ఉందా అని అడగడానికి కూడా మనకి తీరిక లేదు.

తీరిక అన్నాను కాబట్టి ఒక లెక్క. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, పురుషులు 88 నిమిషాలు. తేడా మూడు గంటల పైమాటే. ఈ మూడు గంటల్నీ మనం "శ్రమ దోపిడీ" అని రాశాం. సరిగ్గానే రాశాం. కానీ పోయింది శ్రమ మాత్రమేనా? ఏ పనీ లేకుండా కూర్చునే పొద్దు, ఊరి బయటికి ఊరికే నడిచే పొద్దు, అక్కర లేకపోయినా ఒక పని నేర్చుకునే పొద్దు కూడా పోయింది. దీన్ని లెక్కకట్టమని అడిగితే మనకే సిగ్గేస్తుంది.

ఆడవాళ్ళు ఎగరడం గురించి పత్రికలు రాసే పద్ధతి చూడండి. 2021 జూలై 11న గుంటూరులో పుట్టిన శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచు దాకా వెళ్ళొచ్చినప్పుడు మన పేపర్ల నిండా "తెలుగింటి ఆడబిడ్డ", "తాతయ్య కళ్ళల్లో ఆనందం". ఆమె ఆ కొద్ది నిమిషాల్లో ఏం చూసింది, ఒళ్ళు తేలికైపోతే ఎలా ఉంది అన్నది ఏ మూలో రెండు వాక్యాలు. కల్పనా చావ్లా 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌకతో పాటు పోయిన తర్వాత ఆమెని పాఠ్యపుస్తకాల్లో పెట్టుకున్నాం. త్యాగం, పట్టుదల, దేశానికి గర్వకారణం. ఆమెకి గ్లైడర్లు నడిపే లైసెన్సు ఉంది, నీటి మీద దిగే విమానాలు నడిపే లైసెన్సు ఉంది. గాల్లో పల్టీలు కొట్టించే విన్యాసాలంటే ఇష్టం. వాటికీ దేశభక్తికీ సంబంధం లేదు. ఆమెకి ఎగరడం బాగుండేది, అంతే. ఆ "అంతే" పాఠంలోకి ఎందుకు రాలేదు?

మన హైదరాబాదు చరిత్రే తీసుకుందాం. ప్రేమ్ మాథుర్‌కి 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు వచ్చింది. ఎనిమిది విమాన సంస్థలు వద్దన్నాక ఆమెకి ఉద్యోగం ఇచ్చింది నిజాం రాజ్యంలో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్. అక్కడ కూడా కాక్‌పిట్ పూర్తిగా ఆమె చేతికి ఇవ్వలేదు. ఆమె 1949లో జాతీయ విమాన పందెం గెలిచింది. పందెం! ఉద్యోగంలో కో-పైలట్‌గా కూర్చోబెట్టిన మనిషి ఆటలో అందర్నీ దాటేసింది. ఆటకీ హక్కుకీ మధ్య ఉన్న ఈ తోవని మనం ఎప్పుడూ వెతకలేదు. ఇవాళ దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం స్త్రీలని ప్రభుత్వం పార్లమెంటులో గొప్పగా చెబుతుంది. ప్రపంచ సగటు కంటే ఎక్కువే, సంతోషం. కానీ అది జీతం కోసం ఎగిరే వాళ్ళ లెక్క. శిక్షణకి 40 లక్షలు దాటే ఖర్చు పెట్టగలిగిన ఇళ్ళ లెక్క. (ఇంటర్‌లో ఫిజిక్స్, మాథ్స్ లేనివాళ్ళకి ఆ లైసెన్సు ఇవ్వకూడదన్న నిబంధన 1990ల నుంచి నడిచింది. 2025లో దాన్ని సడలించే ప్రతిపాదన కదిలింది. అంటే నాలాంటి సాహిత్య విద్యార్థినులకి ఆకాశం మూడు దశాబ్దాల పాటు సిలబస్‌లో లేదు.)

ఇప్పుడు స్కీల విమానాల సంగతి. సదస్సులో దీన్ని చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. స్కీలకి బ్రేకులుండవు. దిగాక విమానం తనంతట తాను ఆగాలి. ఆగిన చోట రాపిడికి వేడెక్కిన స్కీల కింద మంచు కాస్త కరిగి, మళ్ళీ గడ్డకట్టి, స్కీలని పట్టేసుకుంటుంది. అందుకని దిగగానే వాటి కింద చెట్టు కొమ్మలో కర్రలో దూర్చాలి. పైకి గట్టిగా కనిపించే మంచు అడుగున నీళ్ళు ఊరి ఉండొచ్చు. అందుకే ముందు స్కీలని మంచుకి ఆనించి, ఒరిపించి, మళ్ళీ పైకి లేచి, ఆ గీత నల్లబడుతోందా అని చూసి అప్పుడు దిగుతారు. పాతకాలపు పైలట్లు రాత్రిపూట ఇంజన్ ఆయిల్ తీసి ఇంట్లోకి తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకునేవాళ్ళు. అన్నిటికంటే భయం మబ్బు పట్టిన రోజు. నేలా ఆకాశమూ ఒకే తెలుపైపోయి, కింద ఇంకా పది అడుగులుందో వందుందో కంటికి అందదు. అలాంటప్పుడు పైనుంచి ఫర్ కొమ్మలు విసిరి, ఆ ముదురు మచ్చల్ని పట్టుకుని దిగుతారు. నాకిది వంటింటి తెలివిలా అనిపిస్తుంది. చేత్తో తడిమి, చూసి, వాసన పట్టి తెలుసుకునే తెలివి. దీన్ని మగతనపు సాహసం అని రాసి పెట్టుకున్నది మగవాళ్ళు. మనం ఒప్పేసుకున్నాం.

నిశ్చలంగా ఉన్న నీళ్ళ మీద దిగేటప్పుడూ ఇదే చిక్కు. అద్దంలాంటి నీరు ఎత్తుని దాచేస్తుంది. ఒడ్డుని ఆనవాలుగా పెట్టుకుని మెల్లగా దిగాలి. ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. ఆ విమానం మా నీళ్ళ మీదికి వచ్చింది.

2024 నవంబరు 9న విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర లేచిన ట్విన్ ఆటర్ విమానం శ్రీశైలం జలాశయంలో, పాతాళగంగ దగ్గర దిగింది. ముఖ్యమంత్రి అందులో వచ్చారు. ట్విన్ ఆటర్ కెనడా యంత్రం. 1965లో మొదటిసారి ఎగిరింది. చక్రాలు వేస్తే నేల మీద, స్కీలు వేస్తే మంచు మీద, పడవల్లాంటి తేలుడు కాళ్ళు వేస్తే నీళ్ళ మీద దిగుతుంది. అంటార్కిటికాలో స్కీలతో తిరిగే విమానమే మన దగ్గర నీళ్ళ కాళ్ళు తొడుక్కుంది. మనకీ అది చలికాలపు సరదానే. వానలకి నిండిన జలాశయం ఆ నెలల్లోనే బాగుంటుంది మరి. అది దిగిన నీళ్ళకి ఒక ఒడ్డు నంద్యాల జిల్లా. రెండో ఒడ్డు నాగర్‌కర్నూల్. పైకి వెళితే వనపర్తి, గద్వాల ఊళ్ళు. సోమశిల మీద కూడా పర్యాటకం వాళ్ళ కన్ను ఎప్పుడో పడింది. 2015-16లో స్వదేశ్ దర్శన్ పథకం కింద సోమశిల, సింగోటం, ఉమామహేశ్వరం వగైరాలతో కలిపి 91 కోట్ల రూపాయల పైచిలుకు మంజూరైంది. ఇక ఆ కరపత్రాల్లో మా నది "అందాల జలరాశి".

ఆ జలరాశి కింద ఏముందో కరపత్రంలో ఉండదు. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా గ్రామాల్ని ఖాళీ చేయించారు. లక్షమందికి పైగా నిర్వాసితులయ్యారు. కదలని ఊళ్ళలో ఇళ్ళని కూలగొట్టించారు. దానికి "ఆపరేషన్ డెమోలిషన్" అని పేరు కూడా పెట్టుకున్నారు. గుళ్ళ విషయంలో మాత్రం ప్రభుత్వం చాలా నాజూకుగా ప్రవర్తించింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి అంకె వేసి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే తరలించారు. మంచి పనే, శిల్పాలు దక్కాయి. రాయికి అంకె వేసిన ప్రభుత్వం ఆడమనిషికి పేరు రాసుకోలేదన్నదే నా బాధ.

ఎందుకు రాసుకోలేదో చూడండి. పరిహారం పట్టాదారుకి. పట్టా మగవాడి పేర. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే రాష్ట్ర సవరణ అమల్లోకి వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి. ఊళ్ళు మునిగిన నాలుగేళ్ళకి! అదీ అప్పటికి పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించదు. తర్వాత 1986లో జీవో 98 వచ్చింది, నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగం అని. ఆ ఉద్యోగాల కోసం దశాబ్దాల తరబడి ధర్నాలు జరిగాయి. ఇంటికొకటి అంటే కొడుక్కి అని ఏ జీవోలోనూ విడిగా రాయనక్కర్లేదు. మా అమ్మ వాళ్ళు నలుగురు అక్కచెల్లెళ్ళు, ఒక తమ్ముడు. పేరు ఎవరిది వెళ్ళిందో మీరు ఊహించగలరు.

మా అవ్వకి ఎనభై దాటాయి. నీటి విమానం వార్త టీవీలో చూసి ఆమె అన్నమాట ఇది: "మా ఊరి మీద దిగుతదంటనా? దిగనీ. నన్ను గూడ ఒక్కపారి ఎక్కిచ్చుకొమ్మను. మా బాయి యాడుందో పైనుంచి జూస్త." నేను కోపం ఆశించాను, ఒప్పుకుంటాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆమె కిటికీ పక్క సీటు అడిగింది! దీన్ని "నిర్వాసిత స్త్రీ స్మృతి" అని పేపరు రాసేయొచ్చు. కానీ అవ్వకి విమానం కూడా కావాలి. ఆ రెండో కోరికని కత్తిరించి మొదటిదాన్ని మాత్రమే ఉంచుకునే హక్కు మనకి ఎవరిచ్చారు?

ఇక్కడ ఎలెన్ పనీయక్ గురించి చెప్పాలి. అలాస్కా ఇనూపియాక్ తెగ మనిషి. 1959లో పుట్టి పెంపుడు ఇళ్ళలో పెరిగింది. అలాస్కా మూలవాసి స్త్రీలలో మొదటి పైలట్. తపాలా మోస్తూ, మనుషుల్ని చేరవేస్తూ మారుమూల ఊళ్ళకి ఎగిరింది. దంతం మీద బొమ్మలు చెక్కి అమ్ముకునేది. 2008లో చనిపోయింది. ఆమె విమానం నేర్చుకోవడానికి మొదటి డబ్బు ఎక్కడిది? 1971లో అమెరికా ప్రభుత్వం అలాస్కా మూలవాసులతో భూమి ఒప్పందం చట్టం చేసింది. 96 కోట్ల డాలర్ల పైచిలుకు సొమ్ము, 4.4 కోట్ల ఎకరాల భూమి. దాన్ని మూలవాసుల కార్పొరేషన్లకి ఇచ్చి, అప్పటికి పుట్టి ఉన్న ప్రతి మూలవాసినీ వాటాదారుగా నమోదు చేశారు. ఆడ, మగ, చంటిపిల్ల అని చూడలేదు. ఆ వాటా మీద వచ్చిన డబ్బుతో ఎలెన్ పాఠాలు మొదలుపెట్టింది. ఆ చట్టం స్వర్గమేమీ కాదు. తరతరాల భూమి హక్కుని రద్దు చేసి షేర్లుగా మార్చేసిందన్న విమర్శ సరైనదే. కానీ ఒక పదిహేను పదహారేళ్ళ పిల్ల పేర వాటా ఉంది. ఆ వాటాతో ఏం చేసుకోవాలో ఆమె ఇష్టం. ఆమె ఎగిరింది.

పర్యాటకం వస్తే ఉపాధి వస్తుంది కదా అంటారు. గుజరాత్‌లో చూశాం. 2020 అక్టోబరు 31న సబర్మతి నుంచి కేవడియా విగ్రహం దాకా ఇదే ట్విన్ ఆటర్‌ని ఆర్భాటంగా మొదలుపెట్టారు. 2021 ఏప్రిల్‌కల్లా ఆగిపోయింది. కేవడియా ఆదివాసులు పోగొట్టుకున్న భూమి మాత్రం తిరిగి రాలేదు. మా దగ్గర విమానం దిగాలంటే కిలోమీటరు పైగా నీరు ఖాళీగా ఉండాలి. అంటే అక్కడ పుట్టీలు తిరగకూడదు, వలలు ఉండకూడదు. ఆ చేపల్ని ఎండబెట్టి, గంపకెత్తి అమ్మేది ఆడవాళ్ళు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడ్డ తమ పాత నేలలోనే విత్తనం చల్లుకునేవాళ్ళు ఉన్నారు. వీళ్ళని ఏ సమావేశానికి పిలిచారు? 2007 జనవరి 18న సింగోటం జాతరకి నది దాటుతున్న పడవ మునిగి అరవైమంది దాకా చనిపోయారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెనకి కేంద్రం అనుమతి ఇచ్చింది 2022లో. పదిహేనేళ్ళు! విమానానికి అంత ఓపిక పట్టరు లెండి.

కాబట్టి "విమానం వద్దు, బస్సు కావాలి" అనే నినాదం నేను పట్టను. అది మన చేతికి వాళ్ళే ఇచ్చిన నినాదం. బస్సూ కావాలి, వంతెనా కావాలి, విమానమూ కావాలి. మా నీళ్ళ మీద ఎవరు సరదా చేసుకున్నా ఆ టికెట్టులో ముంపు గ్రామాల స్త్రీలకి పేరు పేరునా వాటా కావాలి. "కుటుంబానికి" అని రాస్తే ఒప్పుకోం. ప్రైవేటు పైలట్ లైసెన్సుకి కావలసింది 17 ఏళ్ళ వయసు, పదో తరగతి, వైద్య పరీక్ష, కనీసం 40 గంటల శిక్షణ. మొదటి రెండూ కొల్లాపూర్, అలంపూర్, పెబ్బేరు కాలేజీల్లో ఏ ఆడపిల్లనడిగినా ఉన్నాయి. ఆ 40 గంటల ఖర్చు, ఎంతమంది పిల్లలకో అంకెతో సహా, సోమశిలకి నీటి విమానం ప్రతిపాదన వచ్చిన రోజున దాని అంచనా కాగితంలోనే రాయించాలి.