తగువు గుట్టుతో కాదు, ఎంపికతో

టెక్సాస్ రాష్ట్ర విద్యా చట్టంలో 37.121 అని ఒక సెక్షన్ ఉంది. ప్రభుత్వ పాఠశాలలో చదివేవారెవరైనా ఫ్రటర్నిటీలో (అబ్బాయిల సంఘం) గానీ, సొరోరిటీలో (అమ్మాయిల సంఘం) గానీ, రహస్య సంఘంలో గానీ, గ్యాంగులో గానీ చేరితే నేరమని అది చెబుతుంది. చేరతానని మాట ఇచ్చినా నేరమే, మరొకరిని చేరమని పిలిచినా నేరమే. జరిమానాతో పోయే చిన్న నేరమే అనుకోండి. కానీ వీధి ముఠానూ, ఒకే రంగు దుస్తులు కట్టి డాన్సులు ఏర్పాటు చేసుకునే అమ్మాయిల బృందాన్నీ ఒకే వాక్యంలో ఒకే గాటన కట్టేయడం మామూలు విషయం కాదు. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చదివే ప్రభుత్వ బడులకూ ఈ నిబంధన వర్తిస్తుంది. కాలేజీలో చేరగానే ఫ్రటర్నిటీలు బాహాటంగా ఆహ్వానించే దేశంలో, అంతకు ఏడాది ముందు అదే పని ఎందుకు నేరమైంది? దీని వెనుక వందేళ్లకు పైబడిన పేచీ ఉంది. ఆ పేచీలో బడులు పట్టిన పట్టు సరైనదేననీ, అందుకు చెప్పిన కారణం మాత్రం చాలాకాలం తప్పుగా ఉందనీ నా అభిప్రాయం.

అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో సంఘాలు పెట్టుకునే అలవాటు 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కాపాతో మొదలైంది. 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కాపా ఆల్ఫా వచ్చాక అది సాంఘిక ఫ్రటర్నిటీల రూపం తీసుకుంది. చిన్న తరగతుల్లోకి దిగడానికి మరికొంత కాలం పట్టింది. 1869లో న్యూయార్క్ రాష్ట్రంలోనే బ్రాక్‌పోర్ట్ నార్మల్ స్కూల్లో పుట్టిన గామా సిగ్మాను హైస్కూలు ఫ్రటర్నిటీల్లో మొదటిదిగా చెప్పుకుంటారు. అసలు విజృంభణ 1890 తర్వాతిది. దానికి కారణం గ్రీకు అక్షరాల మోజు ఒక్కటే కాదు. 1890లో దేశం మొత్తం మీద ప్రభుత్వ హైస్కూళ్లలో చదివేవారు రెండు లక్షలు. 1900కి ఐదు లక్షలు దాటారు, 1910కి తొమ్మిది లక్షలు, 1920కి ఇరవై రెండు లక్షలు. పదేళ్లకోసారి దాదాపు రెట్టింపవుతున్న బడి అది. అంతకు ముందు హైస్కూలు గడప తొక్కడమే ఒక హోదా. ఇప్పుడు వలస వచ్చిన కార్మికుడి కొడుకూ, దుకాణదారు కూతురూ, బ్యాంకు యజమాని పిల్లలూ ఒకే గదిలో కూర్చోవలసి వచ్చింది. బడి తలుపు అందరికీ తెరుచుకున్నాక, కొందరు బడి లోపల మరో తలుపు బిగించుకున్నారు. సంఘాలు పెరిగిన కాలాన్నీ బడి నిండిన కాలాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే వీటిని కాకతాళీయం అనుకోలేం.

పెద్దలు తొందరగానే మేల్కొన్నారు. 1905లో ఉపాధ్యాయుల జాతీయ సంస్థ, నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్, మాధ్యమిక పాఠశాలల్లోని రహస్య సంఘాలను ఖండించింది. ఫిర్యాదుల జాబితా పొడుగ్గానే ఉండేది: చదువు మీద శ్రద్ధ పోతోంది, సిగరెట్లు అలవాటవుతున్నాయి, క్రీడా జట్లకూ తరగతి పదవులకూ జరిగే ఎన్నికలను ముఠా కట్టి గెలుస్తున్నారు, ఉపాధ్యాయుల మాట లెక్కచేయడం లేదు. 1907లో ఇండియానా వీటిని నిషేధిస్తూ చట్టం చేసింది, 1909లో కాలిఫోర్నియా చేసింది, ఇతర రాష్ట్రాలు వరుస కట్టాయి. కోర్టులకు వెళ్లిన తల్లిదండ్రులు చాలావరకు ఓడిపోయారు. 1906లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు, 1908లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు, 1912లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు బడుల పక్షానే నిలిచాయి. వీటిలో మొదటిది, సియాటిల్ కేసు, కాస్త ఆగి చూడదగ్గది. అక్కడి పాఠశాల బోర్డు గామా ఎటా కాపా అనే ఫ్రటర్నిటీ సభ్యులను బడి నుంచి వెళ్లగొట్టలేదు. పాఠాలు వినండి, పరీక్షలు రాయండి, కానీ ఫుట్‌బాల్ జట్టులో, చర్చా సంఘంలో, బ్యాండులో మీకు చోటు లేదు అంది. సమావేశాలు ఇళ్లలోనే జరుగుతున్నాయి, బడి వేళల తర్వాతే జరుగుతున్నాయి, మా అనుమతితోనే జరుగుతున్నాయి అని తల్లిదండ్రులు వాదించారు. బడి ఇచ్చే గౌరవాల మీద అధికారం బడిదేనని కోర్టు తేల్చింది. ఆ బోర్డులో ఎవరికో లోకజ్ఞానం బాగా ఉండి ఉండాలి. ఫ్రటర్నిటీ కుర్రాడికి అల్జీబ్రా తరగతి పోతుందంటే బెంగ ఉండదు, జట్టు చొక్కా పోతుందంటే ఉంటుంది.

అయితే ఈ చట్టాలూ తీర్మానాలూ దాదాపు అన్నీ పట్టుకున్న మాట ‘రహస్యం’. నాకు పేచీ అక్కడే. ఆ రోజుల అమెరికన్ పట్టణం రహస్య సంఘాల పుట్ట. ఫ్రీమేసన్లు, ఆడ్ ఫెలోస్, నైట్స్ ఆఫ్ పిథియస్, ఎల్క్స్ అంటూ ప్రతి వీధిలో ఒక లాడ్జి (సంఘ శాఖ), ప్రతి లాడ్జికీ ప్రమాణాలు, సంకేతాలు, దుస్తులు. ఊళ్లో పరపతి ఉన్న మగవాళ్లకు ఏదో ఒక లాడ్జిలో సభ్యత్వం ఉండటం మామూలు. తండ్రి మంగళవారం రాత్రి లాడ్జికి వెళ్తే గౌరవం, కొడుకు శుక్రవారం రాత్రి వెళ్తే క్రమశిక్షణా రాహిత్యం. ఇది నిలబడే వాదన కాదు. పైగా ఈ సంఘాల్లో దాచింది ఎంతని? కరచాలనం ఎలా చెయ్యాలి, గ్రీకు అక్షరాలకు అర్థమేమిటి లాంటి చిల్లర గుట్టు తప్ప మిగతాదంతా పదిమందికీ కనిపించాలన్న తాపత్రయమే. చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకునేది చూపించడానికే. సొరోరిటీల టీ పార్టీలూ డాన్సులూ స్థానిక పత్రికల సాంఘిక వార్తల పేజీల్లో పేర్లతో సహా వచ్చేవి. నిజంగా దాక్కోవాలనుకున్న సంఘం పేపర్లో పేరు వేయించుకోదు.

వాటిలో అసలు నష్టం చేసేది సభ్యులను ఎంచుకునే పద్ధతి. ఉన్న సభ్యులే కొత్తవారి పేర్లు చర్చించి ఓటేసుకుంటారు. ఒకరిద్దరు అడ్డుపడితే చాలు, ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది. కారణం చెప్పనక్కర్లేదు, అడిగే హక్కు ఎవరికీ లేదు. పద్నాలుగేళ్ల పిల్లకు తనను ఎందుకు కాదన్నారో ఎన్నటికీ తెలియదు. కాదన్నారన్న సంగతి మాత్రం సోమవారం పొద్దునకల్లా బడంతా తెలుస్తుంది. చేరినవారికి పెట్టే హేజింగ్, అంటే మన ర్యాగింగ్ లాంటిది, వార్తలకెక్కుతుంది గానీ, చేర్చుకోనివారి గాయం ఏ రికార్డుకూ ఎక్కదు. ఈ వడపోత ఎటు మొగ్గేదో చెప్పడానికి యూదు పిల్లల చరిత్ర చాలు. గ్రీకు సంఘాలు తమను రానివ్వకపోవడంతో వాళ్లు తమ సొంత సంఘాలు పెట్టుకున్నారు. 1917లో ఫిలడెల్ఫియాలో సిగ్మా ఆల్ఫా రో పుట్టింది. నెబ్రాస్కాలోని ఒమాహా కుర్రాళ్లు ఇంకో అడుగు వేసి, గ్రీకును వదిలి హీబ్రూ అక్షరాలతో ఆలెఫ్ జాడిక్ ఆలెఫ్ అని పేరు పెట్టుకున్నారు. 1924లో అది జాతీయ సంస్థ అయింది. బయటే నిలబడిపోయినవాళ్లు కట్టుకున్న ఆ ఇల్లు ఈనాటికీ నడుస్తోంది. దాని చిరాయువు చూసి ముచ్చటపడవచ్చు గానీ, దాని పుట్టుకకు కారణమైన తలుపును మెచ్చుకోలేం.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. స్నేహితులను ఎంచుకునే స్వేచ్ఛ పిల్లలకు లేదా? బడి గంట కొట్టాక, ఇంట్లో, తల్లిదండ్రుల కళ్లెదుట జరిగేదాని మీద బడికి అధికారమేమిటి? 1922లో మిస్సోరి సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే అడిగి, సెయింట్ లూయిస్ బోర్డుకు ఆ అధికారం లేదని తీర్పు చెప్పింది. ఇతర కోర్టుల తీర్పులు ఇందుకు విరుద్ధంగా ఉన్నా, ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. నా సమాధానం ఇది. ఐదుగురు స్నేహితులు కలిసి సినిమాకు వెళ్తే అది స్నేహం. ఆ ఐదుగురూ ఒక పేరు పెట్టుకుని, వచ్చే ఏడాది ఎవరు ఉండాలో ఓటేసి, తాము బడి వదిలాక కూడా ఆ పేరు అదే బడిలో బతికేలా చూసుకుంటే అది సంస్థ. ఆ సంస్థకు సరుకు బడి నుంచే వస్తుంది, దాని పేరుకు విలువ బడి నడవాలోనే ఉంటుంది. పది బడుల పిల్లలు కలిసే ఊరి క్లబ్బులో నిరాకరణ ఎదురైతే తప్పుకుని తిరగవచ్చు. చట్టమే పిల్లను రోజూ ఏ గదికి రప్పిస్తుందో, ఆ గదిలో ఎదురైన నిరాకరణ నుంచి తప్పుకునే దారి లేదు. అందుకే పెద్దల క్లబ్బుతో పోలిక కుదరదు. ఇది కోర్టులకు స్పష్టంగా తట్టడానికి కాలం పట్టింది. 1966లో శాక్రమెంటో హైస్కూలు అమ్మాయిల మనానా క్లబ్ కేసులో కాలిఫోర్నియా కోర్టు ముందున్న నియమం, సభ్యులు తమ ఇష్టానుసారం ఎంచుకునే సంఘమా, అర్హత ఉన్న ఏ విద్యార్థి అయినా చేరగల సంఘమా అన్న తేడా మీద నిలబడింది. టెక్సాస్ నిర్వచనమూ అదే. అందులో గుట్టు ఊసు ఒక పదానికే పరిమితం, బరువంతా ఎంపిక మీదే.

రెండో అభ్యంతరం అనుభవం నుంచి వచ్చేది: నిషేధాలు పనిచేయలేదు కదా? నిజమే, అనుకున్నంతగా పనిచేయలేదు. ఇండియానా చట్టం వచ్చిన పదిహేనేళ్ల పైచిలుకు తర్వాత అదే రాష్ట్రంలోని మన్సీ పట్టణాన్ని రాబర్ట్, హెలెన్ లిండ్ దంపతులు అధ్యయనం చేశారు. 1929లో ‘మిడిల్‌టౌన్’గా వెలువడిన ఆ పుస్తకంలో, చట్టం వద్దన్న హైస్కూలు సంఘాలు పట్టణ జీవితంలో దర్జాగా కనిపిస్తాయి. శాక్రమెంటో సంగతి మరీ విచిత్రం. హైస్కూలు ఫ్రటర్నిటీలకు విరుగుడుగా సేవా సంఘం పెట్టాలన్న ఆలోచనతో 1925లో కివానిస్ అనే పెద్దల సేవా సంస్థ అండతో మొదటి కీ క్లబ్ వెలిసింది ఆ ఊళ్లోనే. నలభై ఏళ్ల తర్వాత మనానా క్లబ్ కోర్టుకెక్కిందీ ఆ ఊళ్లోనే. ఇక ఇల్లినాయ్‌లో పది హైస్కూళ్లను పరిశీలించి జేమ్స్ కోల్‌మన్ 1961లో రాసిన ‘ది అడాలసెంట్ సొసైటీ’ ఇంకా ఇబ్బంది పెట్టేది. కుర్రాళ్లలో ఆటగాడిదే రాజ్యం. ‘ముందు వరస’ గుంపులోకి అమ్మాయిలను చేర్చేవాటిలో రూపం, దుస్తులు, కుటుంబం ముఖ్యమైనవి. గ్రీకు అక్షరాలు లేకపోయినా వరసలు ఉండనే ఉన్నాయి. దీన్నిబట్టి నిషేధం వృథా అనడానికి వీల్లేదంటాను. వరసలను చట్టం చెరపలేదు, కానీ వరసకు బ్యాడ్జీ, రాజ్యాంగం, వారసత్వం లేకుండా చేయగలదు. కోల్‌మన్ చూసిన గుంపులో ఏడాదికేడాది మనుషులు మారవచ్చు, దాన్నుంచి జారిపోయిన పిల్ల మరో స్నేహంలో కుదురుకోవచ్చు. ఓటేసి కాదన్న సంఘంలో ఆ సందు ఉండదు.

నిషేధ ఉద్యమం అసలు ఉద్దేశం సమానత్వం కాదు, పిల్లల సాయంత్రాల మీద బడి పెత్తనం అనే విమర్శ కూడా ఉంది. చరిత్రకారుడు విలియం గ్రేబ్నర్ 1987లో ఈ ఉద్యమం మీద రాసిన వ్యాసం ఆ దిక్కునే చూపిస్తుంది. అందులో చాలా నిజముంది. సంఘాలను తరిమిన చేత్తోనే బడులు విద్యార్థి మండళ్లు, క్లబ్బులు, వార్షిక సంచికలు తమ పర్యవేక్షణలో తెచ్చి పెట్టాయి. 1921లో ప్రిన్సిపాళ్ల సంఘం నేషనల్ ఆనర్ సొసైటీని స్థాపించింది. అక్కడ ఎంపిక చేసేది ఉపాధ్యాయుల మండలి. మార్కులతో పాటు ‘నడవడి’ కూడా తూకం వేస్తారు. నడవడికి తూకపురాళ్లు ఎవరి దగ్గరుంటాయో నాకు అంతుబట్టదు. అయినా మార్కుల గీత ముందే ప్రకటించి ఉంటుంది, ఎందుకు రాలేదని టీచరును నిలదీయవచ్చు. సహపాఠీని నిలదీయలేం. ఆ తేడా చిన్నదే గానీ, బడి అన్నది ఆ తేడా మీదే నడుస్తుంది. విచిత్రమేమిటంటే, కొన్ని కాలేజీ ఫ్రటర్నిటీలు సైతం హైస్కూలు సంఘాల్లో చేరినవారిని తీసుకోబోమని తీర్మానించుకున్నాయి. తమ్ముళ్ల వల్ల తమ పరువు పోతుందని కాబోలు.

పెత్తనం వాదనకు అన్నింటికంటే గట్టి సాక్ష్యం మళ్లీ ఆ టెక్సాస్ సెక్షన్‌లోనే దొరుకుతుంది. ఫ్రటర్నిటీ అంటే ఏమిటో నిర్వచించిన వెంటనే, ఏవి కావో కూడా అది పేర్లతో చెబుతుంది. బాయ్ స్కౌట్స్ ఉంది, స్కాలర్‌షిప్ సొసైటీలు ఉన్నాయి, సరే. వాటి పక్కనే డిమొలే, రెయిన్‌బో గర్ల్స్ పేర్లు కూడా ఉన్నాయి. 1919లో కాన్సస్ సిటీలో మొదలైన డిమొలే, 1922లో ఓక్లహోమాలో మొదలైన రెయిన్‌బో గర్ల్స్, రెండూ ఫ్రీమేసన్ల నీడలో నడిచే పిల్లల సంఘాలు. ప్రమాణాలున్నాయి, దీక్షా తంతులున్నాయి, కొత్తవారిని చేర్చుకోవాలా వద్దా అని సభ్యుల ఓటింగూ ఉంది. పెద్దలు వెనకుండి నడిపితే మినహాయింపు, పిల్లలే నడుపుకుంటే జరిమానా. సభ్యుల నిర్ణయంతో కొత్తవారిని చేర్చుకోవడమే తప్పని సెక్షన్ మొదటి భాగం చెబుతున్నప్పుడు, ఆ కొలబద్దకు ఈ రెండు పేర్లూ నిలవవు. ఆస్టిన్‌లో టెక్సాస్ శాసనసభ ఈ సెక్షన్‌ను మళ్లీ చేతిలోకి తీసుకున్న రోజున ముందు కొట్టేయవలసింది ఆ రెండు పేర్లను. ఆ వెంటనే ‘గ్యాంగు’ను విడదీసి, నేరాల చట్టంలో దాని చోటుకు దాన్ని పంపాలి. ఫ్రటర్నిటీకి, సొరోరిటీకి సియాటిల్ బోర్డు 1905 ప్రాంతంలో కనిపెట్టిన శిక్ష చాలు. జట్టు, బ్యాండు, తరగతి పదవి వీటిలో చోటు ఉండదు. తరగతి గది తలుపు, పోలీసు కాగితం ఈ రెండింటి జోలికీ పోనక్కర్లేదు.