ఒక్క రైలు తిరిగే దారికీ లెక్క కావాలి

రద్దీ మార్గాల్లో రైళ్ల రాకపోకలను కంప్యూటర్‌పై ముందుగా అనుకరించి చూడడం రైల్వే ప్రణాళికలో స్థిరపడిన పద్ధతి. 2020లో కాలపట్టికను మొదటి నుంచి పునర్నిర్మించే కసరత్తులో భారతీయ రైల్వే ఐఐటీ బొంబాయి సహకారం తీసుకుంది. కొద్దిపాటి రైళ్లు తిరిగే శాఖా మార్గాలకు మాత్రం ఇంత శ్రమ దేనికన్న భావన ఉంది. ఆ భావన సరికాదని సాధారణ గణితమే చెబుతోంది.

కాకినాడ–కోటిపల్లి మార్గాన్నే తీసుకుంటే, రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం 1940లో పట్టాలు తొలగించిన ఈ 45 కిలోమీటర్ల దారి 2004లో మళ్లీ అందుబాటులోకి వచ్చింది. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా సాగి గౌతమీ తీరాన ముగుస్తుంది. ఇటువంటి చివరి మార్గాల కోసం రైల్వే సాధారణ నియమావళిలో ‘వన్ ట్రైన్ ఓన్లీ’ అనే పద్ధతి ఉంది. సెక్షన్‌లో ఒక రైలు ఉండగా మరొకటి ప్రవేశించరాదన్నది దాని సారాంశం.

ఆ పద్ధతిని ఇంతే దూరానికి ఊహాత్మకంగా అన్వయించి చూద్దాం. సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లైతే ప్రయాణం 90 నిమిషాలు. రెండు చివరలా 15 నిమిషాల చొప్పున విరామం కలిపితే, రానుపోను 210 నిమిషాలు పడుతుంది. ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు నాలుగు విడతలు నడపవచ్చు. వేగం 25 కిలోమీటర్లకు తగ్గితే ఒక్కో విడతకు 246 నిమిషాలు పట్టి, మూడు విడతలే పూర్తవుతాయి. లెవెల్ క్రాసింగ్‌ల వద్ద జాప్యమో, వేగ పరిమితులో పెరిగితే పల్లె ప్రయాణికులు కోల్పోయేది కొన్ని నిమిషాలు కాదు, ఏకంగా ఒక రైలు. మధ్యలో ఒక క్రాసింగ్ స్టేషన్ నిర్మిస్తే విడతలు దాదాపు రెట్టింపవుతాయి. నిధులు వేగం పెంపునకు వెచ్చించాలా, లూప్ లైనుకా అన్నది ఇలాంటి అనుకరణే తేల్చగలదు.

అయితే అనుకరణకూ ఒక పరిమితి ఉంది. పట్టాలపై ఎన్ని రైళ్లు పడతాయో అది చెబుతుంది గానీ, ఎవరు ఎక్కుతారో చెప్పదు. కళాశాల వేళకు, ప్రధాన మార్గంలోని రైళ్లకు అందని బండి ఖాళీగానే తిరుగుతుంది. ఆ ఖాళీనే ఆదరణ లేమిగా లెక్కిస్తే సర్వీసు రద్దుకు అదే కారణమవుతుంది. అందువల్ల అనుసంధాన సమయాలను కూడా నమూనాలో చేర్చడం తప్పనిసరి.

గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై వంతెనలతో ఈ మార్గాన్ని నరసాపురం వరకు పొడిగించే ప్రాజెక్టు పూర్తయితే కోటిపల్లి చివరి స్టేషన్‌గా మిగలదు. అప్పుడు రైళ్లు ఎక్కడ ఎదురుపడాలన్నది నేడు కాగితంపై తీసుకునే నిర్ణయాలనుబట్టే ఉంటుంది. కట్టిన తరువాత లూప్ లైనును జరపడం కంటే, కట్టకముందే లెక్క సరిచూసుకోవడం చౌక.