వంశం పేరున పాస్‌పోర్టు: మనకు దక్కేదేమిటి?

మదనపల్లె, పీలేరు, వాయల్పాడు ప్రాంతాల ముస్లిం వీధుల్లో గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్లు ఎన్నో కనిపిస్తాయి. తిరుపతి, చిత్తూరు పట్టణాల నుంచి కూడా మన సోదర సోదరీమణులు కువైట్, సౌదీ, దుబాయ్ వెళ్లి, రెక్కలు ముక్కలు చేసుకుని కుటుంబాలను నిలబెట్టారు. హలాల్ సంపాదన కోసం దూరదేశం పోవడాన్ని ఇస్లాం తప్పుపట్టలేదు. అల్లాహ్ భూమి విశాలమైనదని దివ్య ఖురాన్ గుర్తు చేస్తున్నది. అయితే వీసా బాధలు, కఫీల్ బాధలు పడలేని మన యువకుల చెవిన ఇప్పుడు ఇంకొక మాట పడుతున్నది. తాతముత్తాతల పుట్టుకను చూపి వేరే దేశం పాస్‌పోర్టు తెచ్చుకోవచ్చునట, దానితో యూరప్‌లో ఎక్కడైనా పని చేసుకోవచ్చునట. ఇందులో నిజమెంత, మనకు ఒరిగేదెంత అన్నది ఆలోచించుకోవాలి.

ఈ మాట పూర్తిగా కల్పితం కాదు. తెలుగువారిలోనే యానాం ఇందుకు ఉదాహరణ. ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊరు 1954లో భారత్ చేతికి వచ్చింది. 1956లో కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చినప్పుడు, ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవారికి ఆరు నెలల గడువిచ్చారు. అప్పుడు ఫ్రాన్స్‌ను ఎంచుకున్న కుటుంబాల సంతానానికి ఆ పౌరసత్వం వారసత్వంగా వస్తున్నది. గోవా సంగతీ ఇలాంటిదే. 1961 డిసెంబరు 19కి ముందు అక్కడ పుట్టినవారికీ, వారి సంతానానికీ పోర్చుగల్ పౌరసత్వం పొందే వీలును ఆ దేశ చట్టం కల్పించింది. ఆ పాస్‌పోర్టుతో వేలాది గోవా వాసులు బ్రిటన్ చేరి పనుల్లో కుదిరారు. 2020లో బ్రిటన్ యూరప్ కూటమి నుంచి వైదొలగడంతో కొత్తవారికి ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఈ పాస్‌పోర్టుకు వెల కూడా ఉంది. మన రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న వ్యక్తి భారత పౌరుడిగా మిగలడు. పాత పాస్‌పోర్టు అప్పగించవలసిందే. తర్వాత ఓసీఐ కార్డు తెచ్చుకుంటే వచ్చిపోవచ్చు, ఇక్కడ ఉండవచ్చు. కాని ఓటు ఉండదు, సేద్యపు భూమి కొనే హక్కు ఉండదు. ఫ్రెంచివారు 1881లో ఇంకా పెద్ద వెల అడిగారు. తమ భారత స్థావరాల్లో ఫ్రెంచి పౌర చట్టం కిందికి రాదలచినవారు, హిందువులైనా ముస్లింలైనా, తమ వ్యక్తిగత చట్టాన్ని వదులుకుంటున్నామని రాసివ్వాలన్నారు. ముస్లింకు అది నికా, వారసత్వం విషయాల్లో షరీఅత్‌ను వదులుకోవడమే.

మరి మన చిత్తూరు సీమ మాటేమిటి? మన తాతలు పుట్టింది ఇంగ్లీషువారి మద్రాసు ప్రెసిడెన్సీలో. తాత ఆ పాలనలో పుట్టినంత మాత్రాన మనవడికి బ్రిటిష్ పాస్‌పోర్టు రాదు. ఇంట్లో భద్రంగా దాచుకున్న షజరాలో వంశం అరబ్ దేశం దాకా పోయినా, దాన్ని చూసి ఏ గల్ఫ్ దేశమూ పౌరసత్వం ఇవ్వదు. కువైట్ 1959 నాటి చట్టం 1920కి ముందు నుంచి అక్కడ స్థిరపడినవారిని, వారి సంతానాన్ని తన పౌరులుగా గుర్తించింది. పనికి పోయినవారు ఎన్నేళ్లు చాకిరీ చేసినా అది దానంతట అదే వచ్చే హక్కు కాదు.

కనుక ‘డబ్బు కట్టండి, తాత కాగితాలు మేం పుట్టిస్తాం’ అనే ఏజెంటు అమ్మేది అబద్ధపు తాతను. పెంచుకున్న బిడ్డలను సైతం కన్నతండ్రుల పేరుతోనే పిలవాలని అహ్‌జాబ్ సూరా ఆదేశిస్తున్నది. తెలిసి తెలిసి పరాయివాడిని తండ్రిగా చెప్పుకునేవారిని దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. నసబ్ పట్ల ఇంత పట్టింపు ఉన్న ధర్మాన్ని నమ్మేవారు దాన్ని సంతలో కొనవచ్చునా? చట్టం దృష్టిలోనూ అది ఫోర్జరీయే. కువైట్ 2024 నుంచి పౌరసత్వ దస్త్రాలను తిరగదోడి వేలాది మంది పౌరసత్వం రద్దు చేసింది. తప్పుడు వంశం చూపిన కేసులూ అందులో ఉన్నాయి. పెద్దల అబద్ధానికి పిల్లలు శిక్ష అనుభవిస్తారు.

నిజానికి వంశం పేరున దక్కే పాస్‌పోర్టు మనకూ ఉంది. అది భారత పాస్‌పోర్టే. కువైట్‌లో మనవారికి పుట్టిన బిడ్డ కువైటీ కాదు. ఆ బిడ్డకు భారత పౌరసత్వం తల్లిదండ్రుల ద్వారానే సంక్రమించాలి. 1955 చట్టం 4వ సెక్షన్ ప్రకారం, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసిచ్చి, పుట్టిన ఏడాదిలోగా భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. నికా కాగితం సరిగా లేకనో, తల్లి వీసా గడువు తీరిపోయిందన్న భయంతోనో ఈ నమోదు జరగకపోతే, ఆ పసిబిడ్డ ఏ దేశానికీ చెందనట్టు మిగిలిపోయే ప్రమాదం ఉంది. లేని తాత కోసం లక్షలు పోయడానికి సిద్ధపడేవారు ఉన్న బిడ్డ హక్కును గాలికి వదిలేయడం ఏం న్యాయం?

చేయవలసిన పని ఇంటి దగ్గరే మొదలవుతుంది. స్కూలు సర్టిఫికెట్‌లో షేక్ మహబూబ్ బాషా, ఆధార్‌లో ఎస్. మహబూబ్, రేషన్ కార్డులో బాషా సాహెబ్ అని ఉంటే ఒకే మనిషి ముగ్గురవుతాడు. తల్లి పేరు ఒకచోట బీ, ఇంకోచోట బేగం. వీటిని ముందే సరిచేయించుకోవాలి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారి పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. నికాను ఖాజీ పుస్తకంలో రాయించి ఊరుకోక, 2002 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. పదో తరగతి పాసైతే ఎమిగ్రేషన్ క్లియరెన్సు చిక్కు ఉండదు. పాస్ కానివారు గల్ఫ్ పనికి పోవాలంటే ఆ క్లియరెన్సే వారికి రక్షణ. విజిట్ వీసా మీద పంపుతామనే ఏజెంటు ఆ రక్షణను తీసివేస్తున్నాడని గ్రహించాలి.

పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది. అక్కడికి పోయే దారి తెలియక ఏజెంటు గడప తొక్కుతున్న పేదలు మన మొహల్లాల్లో ఉన్నారు. మన మసీదు కమిటీలు జుమా నమాజు తర్వాత ఒక గంట సేపు చదువుకున్న ఇద్దరు యువకులను కూర్చోబెట్టి, ఈ కాగితాలు చూసిపెట్టే ఏర్పాటు చేయాలి. ఖర్చులేని ఈ సేవ ఎన్నో కుటుంబాలను మోసం నుంచి కాపాడుతుంది. అల్లాహ్ మనందరికీ నిజం పలికే ధైర్యాన్ని, నిజమైన దారిలో సంపాదించుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.