బస్సు ఆపమన్న పెద్దత్త

అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్తున్న పెళ్ళి బస్సు రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కబోతుంటే, మా పెద్దత్త లేచి నిలబడి "బాబూ, ఒక్క నిమిషం ఆపు" అంది. అప్పటికే ఆమె కోసం రెండుసార్లు ఆపారు. వెనక సీట్లో నవ్వారు. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. పొద్దుటినించీ ఆమె మంచినీళ్ళు ముట్టలేదని తర్వాత తెలిసింది. ఆపైన ఏ పెళ్ళికీ రాలేదు. ఎందుకని మేమెవరం అడగలేదు. మాకు తెలుసు.

వరినాట్లకి దిగిన ఆడకూలీలు ఒంటికి వెళ్ళే చాటు లేక చీకటి పడేదాకా ఓర్చుకుంటుంటే, గట్టు మీద నిలబడి చూసిన ఊరు మాది. ఆడపిల్లలకి మేం నేర్పిన జాగ్రత్తలు రెండే: నీళ్ళు తక్కువ తాగు, వచ్చినా రాకపోయినా బయల్దేరేముందు ఓసారి వెళ్ళిరా. రెండూ చెరుపే చేశాయి. నిండకుండానే ఖాళీ చేస్తూ పోతే మూత్రసంచి కొంచెం నిండగానే తొందరపెట్టడానికి అలవాటు పడుతుంది. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి దాన్ని ఇంకా రేపుతుంది. బాలింతలకి కాయం తినిపించాం, నడుముకి గుడ్డ బిగించాం. కింద సడలిన కండరాల ఊసు మాత్రం ఎత్తలేదు.

పెద్దత్తకి నలభై దాటాక "గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది" అన్నాం. తీయించాం. పోలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళ వాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద మన రాష్ట్రంలోనే ఎక్కువ, నూటికి దాదాపు 9 మంది. అందరి కారణం ఇదే అనను. మా ఇంట్లో కారణం ఇదే.

కాలవ లాకుల దగ్గర లస్కరు చేసే పనే ఒంట్లో కటి కండరాలు చేస్తాయి. వాటికి వ్యాయామం ఉందని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే రాశాడు. ఫిజియోథెరపీ అంటే పక్షవాతానికీ మోకాళ్ళకీ అనుకుని మేం ఆ గడప తొక్కలేదు. మొన్న మొన్న, పెద్దత్తకి అరవై ఎనిమిదో ఏట, తీసుకెళ్ళాను. ముందు మూత్రపరీక్ష, షుగరు పరీక్ష చేయించారు. కొందరికి ఆ కండరాలు సడలక, బిగుసుకుపోయి ఉంటాయట. వాళ్ళకి ముందు వదలడం నేర్పాలి, అందుకే ఎవరికి వాళ్ళు మొదలుపెట్టకుండా చూపించుకోవాలి. ఆమెవి సడలినవే. గాలి పోకుండా ఆపుకున్నట్టు బిగించి, అయిదు లెక్కపెట్టి, మళ్ళీ అంతసేపు వదలాలి, ఊపిరి బిగబట్టకూడదు. తొందర ముంచుకొచ్చినప్పుడు పరుగెత్తకుండా ఉన్నచోటే ఆగి అయిదారుసార్లు గబగబా బిగిస్తే, ఆ కెరటం దిగుతుంది. దిగాక నెమ్మదిగా వెళ్ళాలి. ఒకసారి వెళ్ళాక మళ్ళీ వెళ్ళే వ్యవధిని పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి.

మూడు నెలలకి గంటన్నర కూర్చోగలిగింది. ఆ సాయంత్రం అరుగు మీద నా చెయ్యి పట్టుకుని అడిగింది: "మరి నా గర్భసంచి ఎందుకు తీయించార్రా అమ్మా?"