ఒక్క ఫొటోకే ఏమైపోతుంది?

థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో పటోంగ్ బీచ్‌ను ఆనుకుని బంగ్లా రోడ్డు ఉంది. రాత్రయితే బార్ల దీపాలు, చెవులు హోరెత్తే పాటలు, కిక్కిరిసిన జనం. పర్యాటకుల భుజం మీదికి స్లో లోరిస్ అనే చిన్న అడవి జంతువును ఎక్కించి, ఫొటోకింత అని వసూలు చేసే దందా అక్కడ ఏళ్ల తరబడి సాగింది. 2013 సెప్టెంబరులో గాయని రిహానా అలాంటి ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాక దుమారం రేగింది, పోలీసులు ఇద్దర్ని పట్టుకున్నారు.

అప్పుడూ ఇప్పుడూ ఇలాంటి ఫొటోలను వెనకేసుకొచ్చేవారు చెప్పేవి మూడే మాటలు. అది మచ్చికైన జంతువు. తెచ్చినవాడు పేదవాడు, వాడి పొట్ట కొట్టకూడదు. మనం దిగకపోతే ఇంకొకరు దిగుతారు. ఈ మూడింట్లో ఒక్కటీ నిలబడదు.

ముందు మచ్చిక సంగతి. స్లో లోరిస్ మన శేషాచలం అడవుల్లో ఉండే దేవాంగపిల్లికి చుట్టం. పగలు పడుకుని, రాత్రి చెట్ల మీద తిరిగే జీవి. చీకట్లో చూడటానికి ఏర్పడిన ఆ పెద్ద కళ్లలోకి ఫ్లాష్ మీద ఫ్లాష్ కొడతారు. దాని మోచేతి దగ్గరి గ్రంథిలో ఊరే స్రావం లాలాజలంతో కలిస్తే విషమవుతుంది, కాటు ప్రమాదకరం. అందుకే అమ్మేవాళ్లు మత్తుమందైనా ఇవ్వకుండా నెయిల్ కట్టర్లతో, కటింగ్ ప్లేయర్లతో దాని పళ్లు కత్తిరిస్తారు. నోరు చీము పట్టి ఎన్నో చచ్చిపోతాయి. బతికినవాటిని కాపాడి తెచ్చినా అడవిలో వదలడం కష్టం. చెట్టు బెరడును పళ్లతో గీకి జిగురు తినే జంతువు, పళ్లు లేకుండా ఎలా బతుకుతుంది?

చక్కిలిగిలి పెడితే లోరిస్ చేతులెత్తే వీడియో ఒకటి 2009లో ఇంటర్నెట్‌లోకి వచ్చింది. ఎంత ముద్దుగా ఉందోనని జనం మురిసిపోయారు. నిజానికి బెదిరిన లోరిస్ విషగ్రంథిని నోటికి అందించుకోవడానికి అలా చేతులెత్తుతుంది. భుజం మీద కదలక మెదలక కూర్చోవడమూ భయంతో బిగుసుకుపోవడమే. దాన్ని మచ్చిక అనుకోవడం చూసేవారి పొరపాటు.

ఇక పేదవాడి పొట్ట. ఈ వాదనకు జవాబు మన దేశంలోనే ఉంది. ఎలుగుబంటి మూతికి రంధ్రం పొడిచి, తాడు ఎక్కించి ఆడించడం కలందర్ సముదాయానికి తరతరాల వృత్తి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా ఆట ఆగలేదు. కుటుంబాలకు వేరే ఉపాధి చూపించి, పిల్లల్ని బడిలో చేర్చి, ఎలుగుల్ని సంరక్షణ కేంద్రాలకు తరలించిన తర్వాత 2009 నాటికి ఆ ఆట దాదాపు కనుమరుగైంది. పేదరికానికి పరిష్కారం వేరే పని చూపించడం. ఫొటోకు డబ్బిచ్చేవాడు ఆ పేదవాణ్ని అదే నేరంలో ఉంచుతున్నాడు.

ఇంకొకరు దిగుతారులే అనే మూడో మాట అన్నిటికన్నా హాని చేసేది. వీధిలో చచ్చిపోయిన ప్రతి జంతువు స్థానంలోకి అడవి నుంచి మరొకటి రావాలి. లోరిస్ ఆరు నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. ఆ పిల్ల కోసం చాలాసార్లు తల్లిని చంపుతారు. మొరాకోలోని మరాకేష్ నగరంలో, జమా ఎల్ ఫనా చౌకులో గొలుసులతో కూర్చోబెట్టే బార్బరీ కోతులదీ ఇదే కథ. అట్లాస్ పర్వతాల అడవుల్లో తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కొస్తారు. లోరిస్‌లకు 2007లో, ఈ కోతులకు 2016లో వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ అత్యున్నత రక్షణ ఇచ్చింది. కానీ ఆ ఒప్పందం దేశాల మధ్య వ్యాపారాన్ని నియంత్రించడానికి ఏర్పడింది. వీధిలో బేరం కుదిర్చేది పర్యాటకుడి జేబు. అతను పెట్టిన ఫొటో మరో పదిమందిని అక్కడికి రప్పిస్తుంది. 2017లో ఇన్‌స్టాగ్రామ్ ఇలాంటి ఫొటోల హ్యాష్‌ట్యాగ్‌లకు హెచ్చరికలు జోడించింది అందుకే.

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల నుంచి థాయిలాండ్‌కు బృందాలను తీసుకెళ్లే ట్రావెల్ సంస్థలు పాస్‌పోర్టు, కరెన్సీ జాగ్రత్తలతో పాటు ఈ సంగతీ రాసివ్వాలి. గైడ్లు జంతువులతో తిరిగేవారిని బృందం దగ్గరికి రానివ్వకూడదు. ఇప్పటికే అలాంటి ఫొటో పెట్టినవారు దాన్ని ఇవాళే తీసేయాలి.