పుట్టకముందే బారసాల

డిసెంబరు నెల మొదలైందంటే చాలు, మా ఊరి చర్చి గోడమీద 'సెమీ క్రిస్మస్' అన్న ఫ్లెక్సీ వేలాడుతుంది. యువజనులది ఒకటి, స్త్రీల సమాజానిది ఒకటి, ఆఫీసులో ఒకటి, కాలేజీలో ఒకటి, పార్టీ నాయకుల విందు మరొకటి. 25వ తేదీ వచ్చేసరికి కేకు మొహం మొత్తుతుంది, గొంతు బొంగురుపోతుంది. నేను క్రైస్తవుణ్ణి. క్రిస్మస్ అంటే నాకు చిన్ననాటి నుంచీ ప్రాణం. అందుకే ఈ మాట అనక తప్పడం లేదు: ఈ సగం క్రిస్మస్ మన ఆగమన కాలాన్ని పూర్తిగా మింగేసింది.

ఆగమన కాలమంటే నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో మొదలై నాలుగు ఆదివారాలు సాగే నిరీక్షణ. 'అడ్వెంట్' అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి 'రాక' అని అర్థం. ఆ రాక ఒకటి కాదు. బేత్లెహేములో శిశువుగా వచ్చినది ఒకటి. లోకానికి తీర్పు తీర్చడానికి రానున్నది మరొకటి. కతోలిక సంఘంలో డిసెంబరు 16 వరకు ధ్యానమంతా ప్రధానంగా ఆ రెండవ రాక మీదనే. 17 నుంచి గాని చూపు పశువుల తొట్టి వైపు నేరుగా తిరగదు. గురువులు ఊదారంగు వస్త్రాలు ధరిస్తారు. ఆదివారపు పూజలో మహిమగీతం ఆపివేస్తారు. గొల్లలకు దూతలు వినిపించిన మాటలతో మొదలయ్యే గీతం అది. క్రిస్మస్ రాత్రి కోసం దాన్ని దాచుకుంటారు. దాచుకున్నదానికే గదా రుచి!

"ఆగమన కాలం బైబిలులో ఎక్కడుంది?" అని కొందరు సోదరులు నన్ను నిలదీస్తారు. నిజమే, లేదు. మరి డిసెంబరు 25 బైబిలులో ఎక్కడుంది? ఆ తేదీన క్రీస్తు జననాన్ని గుర్తించినట్లు మనకు దొరికే తొలి ఆధారం రోములో 336 నాటిది. పెద్దల దగ్గరనుంచి పండుగను పుచ్చుకుని, పండుగకు ముందుండే పశ్చాత్తాపాన్ని మాత్రం వాకిట్లోనే వదిలేయడం ఏమి న్యాయం?

"నలుగురికీ సువార్త అందుతుంది గదా!" అన్నది రెండో వాదన. ఏ సువార్త అందుతున్నదో చెబుతాను. ఒక డిసెంబరు ఆదివారం ఉదయం మా చర్చిలో బాప్తిస్మమిచ్చు యోహాను మీద ప్రసంగం జరిగింది. రెండు అంగీలున్నవాడు ఏమీ లేనివాడికి ఒకటి ఇవ్వాలన్న ఆయన బోధను కాపరి చక్కగా వివరించారు. సాయంత్రం అదే వేదికమీద సెమీ క్రిస్మస్. అతిథులకు కప్పిన శాలువాలు లెక్కపెట్టాను, పదకొండు. చర్చి ఊడ్చే పెద్దమ్మ చలికి పాత చీరకొంగు కప్పుకుని గేటు పక్కన నిలబడి ఉంది. ఆమె నిరీక్షణ మెస్సీయ కోసం కాదు, మిగిలిన బిర్యానీ కోసం. ఆ పదకొండు శాలువాల్లో ఒకటి నా భుజంమీదే ఉంది. తీసి ఆమెకు కప్పాలని నాకూ తోచలేదు. ఇంటికి వచ్చి బీరువాలో పెట్టబోతే అప్పటికే అక్కడ నాలుగున్నాయి.

ఎదురుచూడడం మన పెద్దలకు చేతకానిది కాదు. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు ప్రాంతపు ప్రజలు, ముఖ్యంగా మాదిగలు, బాప్తిస్మం కావాలని అడిగితే, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని మిషనరీ జాన్ క్లౌ కరువు తీరేదాకా ఎవరికీ ఇవ్వలేదు. వాళ్లు ఆగారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఆకలితో ఉండి కూడా ఏడాదికి పైగా ఆగినవారి మనుమలం, కడుపు నిండి ఉండి నాలుగు ఆదివారాలు ఆగలేమా?

సంతోషించడం తప్పని నేను అనడం లేదు. సంతోషాన్ని దాని చోట ఉంచమంటున్నాను. క్రిస్మస్ డిసెంబరు 25న ముగిసే పండుగ కాదు, ఆనాడు మొదలయ్యే పండుగ. జనవరి 6 ప్రత్యక్షతా పండుగ దాకా పన్నెండు రోజులు దానివే. మనం చేస్తున్నదేమిటి? 26న నక్షత్రం దించేస్తున్నాం. అసలు పండుగ రోజులన్నీ ఖాళీ, ఎదురుచూడవలసిన రోజులన్నీ విందు!

నెలలు నిండిన ఇల్లాలున్న ఇంట్లో పురిటి సామగ్రి సర్దుతారు, గది శుభ్రం చేస్తారు, రాత్రిళ్లు చెవి ఒగ్గి పడుకుంటారు. బిడ్డ పుట్టకముందే బారసాల భోజనాలు పెట్టే ఇల్లు మీరెక్కడైనా చూశారా? మరియ నెలలు నిండి బేత్లెహేము దారిలో ఉండగా మనం కేకు కోస్తున్నాం.

ఈ ఏడు మా సంఘ పెద్దలకు ఒక్క విన్నపం పెట్టదలచాను. సెమీ క్రిస్మస్ ఖర్చు ఎంతో అంతా ఊదారంగు ఆదివారాల్లోనే దుప్పట్లుగా మార్చి పేదల ఇళ్లకు చేర్చుదాం, వేదిక లేకుండా, ఫొటో లేకుండా. 24వ తేదీ రాత్రి దాకా జనన గీతాలు ఆపుదాం. ఒప్పుకుంటారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. ఒప్పుకోకపోతే, బీరువాలోని అయిదు శాలువాలతో నా ఆగమన కాలం నేను మొదలుపెడతాను. మొదటిది ఎవరికివ్వాలో నాకు తెలుసు.